తలకొక దూలము

పాఠ్యభాగము: 2 రాజులు 6:1–7. ఇంటిలో చదువుకొనవలసినవి: నెహెమ్యా 3, 5 అధ్యాయములు, ద్వితీయోపదేశకాండము 24:10–13, 2 కొరింథీయులకు 8వ అధ్యాయము.



గత నెల ఒక ఆదివారమున ఆరాధన ముగిసిన పిమ్మట మన రామకృష్ణాపూర్ యౌవనస్థులు నలుగురు నాయొద్దకు వచ్చి ఒక సంగతి అడిగిరి. విదేశములలోని సంఘములు కొన్ని తమ సభ్యులలో పదిమందిని, పదిహేనుమందిని కూర్చి, ఇల్లు లేని కుటుంబములకు ఇండ్లు కట్టి యిచ్చుటకై దూరదేశములకు పంపుచున్నవని వారు విని యున్నారు. వారము దినములో రెండు వారములో ఉండి, గోడలు లేపి, ప్రార్థన చేసి, తాళపుచెవి ఆ యింటివారి చేతికిచ్చి తిరిగి వచ్చెదరట. “అయ్యగారూ, ఎప్పుడూ వాళ్లే వచ్చి కట్టుడేనా? మనం పోయి కట్టొద్దా? నేపాల్‌కన్నా, శ్రీలంకకన్నా పోదాం. మన సంఘం పంపిస్తదా?” అని వారి ప్రశ్న. వారిలో ఒకడు ఓపెన్‌కాస్టులో పని చేయుచున్నాడు. ఒకడు కరెంటు పని నేర్చినవాడు. తక్కిన యిద్దరు ఉద్యోగమునకు ఎదురుచూచుచున్నారు. ప్రశ్నలో వెటకారము లేదు, మంచి ఆశయే యున్నది. అయినను నేను వెంటనే ఔననలేదు, కాదనలేదు. పత్రికలో వ్రాసెదనని చెప్పితిని. ఈ నెల పాఠము ఆ మాట చెల్లించుటకే.

ఇంటి కప్పు విలువ మన ప్రాంతమువారికి ఎవరును నేర్పనక్కరలేదు. బాయిలోనికి దిగినవాడు మొదట చూచునది పైకప్పునే. టింబర్‌మెన్ దిమ్మె నిలిపి, కప్పును తట్టి, ఆ శబ్దమును బట్టి గట్టిదో గుల్లయో చెప్పిన తరువాతనే మిగిలినవారు తట్టా చెమ్మస్ ముట్టుకొనెడివారు. పైకి వచ్చిన తరువాతనో, క్వార్టరు ఉన్నంతకాలము తలపై కప్పున్నది. పనిలోనుండి దిగిపోయిన నాడు క్వార్టరు అప్పగించవలెను. ముప్పది ఏండ్లు భూమి క్రింద ఇతరుల తలపై కప్పు కూలకుండ కాచినవాడు, అరువది ఏండ్లప్పుడు తన తలపై కప్పు కొరకు వెదకుకొనుచున్నాడు. ముందుచూపు గలవారు అప్పటికే ఒక జాగా కొని ఉంచుకొందురు. పిల్లల చదువులకును పెండ్లిండ్లకును వచ్చిన సొమ్మంతయు పోసినవారు రేకుల క్రిందికి వెళ్లుదురు. ఇది మన సంఘములో మీకు తెలిసిన సంగతియే గనుక విస్తరించి వ్రాయను.

ఇప్పుడు వాక్యభాగమునకు వత్తము.

ఎలీషా ప్రవక్త దినములలో ప్రవక్తల శిష్యులు ఒకచోట కలిసి కాపురముండిరి. ఆ స్థలము వారికి చాలలేదు. వారు తమ గురువు నొద్దకు వచ్చి, స్థలము ఇరుకుగా ఉన్నదనియు, యొర్దాను ఒడ్డునకు పోయి తలకొక మ్రాను నరికి తెచ్చుకొని అక్కడ నివాసము కట్టుకొందుమనియు విన్నవించుకొనిరి. ఆయన వెళ్లుడనెను. వారిలో ఒకడు, మీరును మాతో కూడ రావలెనని బతిమాలెను. ఆయన వెళ్లెను. చెట్లు నరుకుచుండగా ఒకని గొడ్డలి ఊడి నీళ్లలో పడెను. అది ఎరవు తెచ్చినదని అతడు మొఱ్ఱపెట్టెను. దైవజనుడు అది పడినచోటు అడిగి తెలిసికొని, కొమ్మయొకటి నరికి అక్కడ వేయగా ఇనుము తేలెను. అతడు చెయ్యి చాచి దానిని పట్టుకొనెను. ఏడు వచనములే గదా అని మనము దీనిని తొందరగా దాటిపోవుదుము. బోధకులు ఇనుము తేలిన అద్భుతమును గూర్చి మాత్రము చెప్పి విడుతురు. అయితే అద్భుతమునకు ముందు ఒక ఇంటి పని జరుగుచున్నది. దానిని నిదానముగా చూడుడి.

మొదట, ఇల్లు కావలెనన్న మాట ఎవరి నోటనుండి వచ్చెను? ఇరుకున పడినవారి నోటనుండియే. ఎలీషా పైనుండి చూచి, అయ్యో వీరికి ఇల్లు లేదని జాలిపడి ఒక పథకము వేయలేదు. ఎక్కడ కట్టవలెనో, దేనితో కట్టవలెనో, ఎవరు ఏమి మోయవలెనో కూడ వారే నిర్ణయించుకొనిరి. తలకొక మ్రాను. ఉన్నవాడు పది మ్రాకులు, లేనివాడు సున్న అని కాదు. ఎవడును వట్టిచేతులతో నిలిచి చూడలేదు, ఎవడును అందరి బరువు తానే ఎత్తుకొని గొప్పవాడు కాలేదు. గురువు వెళ్లినది పిలిచిన తరువాత. వెళ్లి తాను మేస్త్రీ కాలేదు. పోయినది ఎక్కడ పోయినదని అడిగెను. ఇంతే ఆయన చేసిన పని. కాని ఆయన లేనియెడల ఆ దినము ఆ పని దుఃఖముతో ఆగిపోయి యుండును.

ఎరవు తెచ్చినదన్న ఆ మొఱ్ఱ ఎందుకంత పెద్దదో 4వ అధ్యాయము చదివినవారికి తెలియును. అదే ప్రవక్తల శిష్యులలో ఒకడు అప్పుతో చనిపోగా, అప్పులవాడు అతని ఇద్దరు కుమారులను దాసులుగా పట్టుకొని పోవుటకు వచ్చెను. ఆ విధవరాలి కథ ఆ గుంపులో అందరికి తెలిసినదే. ఇనుము ఆ దినములలో విలువైనది. గొడ్డలి పోయినవాడు గొడ్డలిని కాదు, తన పిల్లలను తలంచుకొనియుండును. బీదవాడు ఇల్లు కట్టబోయి అప్పులో పడుట మనకు క్రొత్త సంగతియా? పునాదివరకు వచ్చి ఆగిన ఇండ్లు, సలాకలు త్రుప్పుపట్టి ఆకాశమువైపు చూచుచున్న స్తంభములు, మందమర్రి మొదలు గోదావరిఖని వరకు ఏ బస్తీలో లేవు?

ఈ కాలములో సంఘములు కలిసి ఇండ్లు కట్టుట ఎక్కడ మొదలైనదో కొంచెము చెప్పవలెను. దాని కొమ్మ ఒకటి మన దగ్గరకే వచ్చినది.

అమెరికాలో జార్జియా రాష్ట్రమున అమెరికస్ అను ఊరి దగ్గర 1942లో క్లారెన్సు జోర్డను అను బాప్తిస్టు పండితుడును, మార్టిన్ ఇంగ్లండు అను మిషనెరీయును, వారి భార్యలును కలిసి ఒక పొలము కొనిరి. జోర్డను వ్యవసాయము చదివినవాడు, క్రొత్త నిబంధన గ్రీకులో గొప్ప పాండిత్యము గలవాడు. ఆ పొలమునకు కొయినోనియా అని పేరు పెట్టిరి. అపొస్తలుల కార్యములు 2:42లో మన బైబిలులో సహవాసము అనియున్న మాటకు మూలభాషలోని పదమదియే. అక్కడ తెల్లవారును నల్లవారును ఒకే బల్లయొద్ద కూర్చుండి భోజనము చేసిరి. ఆ కాలమున ఆ దేశపు దక్షిణభాగములో అది సహింపరాని నేరము. 1950 తరువాతి సంవత్సరములలో వారి సరకు కొనువారు లేకుండ చేసిరి, వారి మీద తుపాకులు కాల్చిరి, బాంబులు వేసిరి. బల్ల యొద్ద ఎవరి ప్రక్కన ఎవరు కూర్చుండవచ్చునో అను తగవు మన పల్లెలకు తెలియనిది కాదు గనుక ఈ సంగతి మనకు దూరదేశపు కథగా తోచదు.

మిల్లర్డు ఫుల్లరు అను యౌవన న్యాయవాది వ్యాపారములో లక్షలు గడించి, కుటుంబము విరిగిపోవు స్థితికి వచ్చి, భార్యయైన లిండాతో సమాధానపడి, ఆస్తినంతయు అమ్మి పంచిపెట్టెను. వారు 1965లో ఆ పొలమును దర్శించిరి; 1968లో అక్కడికి కాపురము వచ్చిరి. జోర్డనును ఫుల్లరును కలిసి, చుట్టుప్రక్కల గుడిసెలలో ఉన్న బీద కుటుంబములకు ఇండ్లు కట్టుటకు ఒక నిధిని ఏర్పరచిరి. దాని పద్ధతి వినుడి. ఇల్లు దానము కాదు. కట్టుబడికి అయిన వెలకే, లాభము లేకుండ, వడ్డీ లేకుండ కుటుంబమునకు ఇచ్చుదురు. వడ్డీ మాటకు ఆధారము నిర్గమకాండము 22:25. ఆ కుటుంబము తానును చేతులతో పని చేయును, నెలనెల కొంత తిరిగి చెల్లించును. తిరిగి వచ్చిన సొమ్ము మరియొకరి పునాదిలోనికి పోవును. జోర్డను మొదటి యిల్లు పూర్తికాకముందే 1969 అక్టోబరులో చనిపోయెను. ఫుల్లరు కుటుంబము 1973లో ఆఫ్రికాకు, ఆ కాలమున జైర్ అని పేరున్న కాంగో దేశములోని బందాకా పట్టణమునకు వెళ్లి, మూడు సంవత్సరములు ఇదే పద్ధతిని ఇండ్లు కట్టించెను. తిరిగి వచ్చి 1976లో హాబిటాట్ ఫర్ హ్యుమానిటీ అను సంస్థను స్థాపించిరి.

ఆ సంస్థ మన దేశమున మొట్టమొదట పని ప్రారంభించినది ఎక్కడనో తెలిసినవారు మనలో కొద్దిమందియే. బొంబాయిలో కాదు, మద్రాసులో కాదు. 1983లో, మన ఖమ్మములో. మంచిర్యాలలో రైలెక్కినవాడు కాజీపేట, వరంగల్లు, మహబూబాబాదు, డోర్నకల్లు దాటినయెడల దిగు ఖమ్మమే అది. ఆ తరువాత ఆ పని దేశములోని ఇతర రాష్ట్రములకు వ్యాపించినది. 2006 అక్టోబరు చివర మహారాష్ట్రలోని లోనావ్లా దగ్గర మలావ్లీ అను గ్రామములో ఒక్క వారమున 100 ఇండ్లు లేపుటకు దేశదేశములనుండి సేవకులు వచ్చిరి. వారిలో అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టరు ఒకడు. అప్పటికి ఆయనకు 82 ఏండ్లు. తన ఊరిలో ఆదివారపు బడి ఉపాధ్యాయుడు. సుత్తె పట్టి పని చేసినవాడు. ఆయన తల్లి లిలియను కూడ తన 68వ యేట నర్సుగా బొంబాయి దగ్గరి విక్రోలికి వచ్చి 1966 నుండి 1968 వరకు పేదల మధ్య పనిచేసెను. తల్లి రెండేండ్లు ఉండెను, కుమారుడు ఒక వారము ఉండెను. రెండును సేవలే. అయితే రెండు ఒకటి కావని కార్టరే ఒప్పుకొనియుండునని నా తలంపు. ఆయన 2024 డిసెంబరు 29న, నూరేండ్లు నిండిన పిమ్మట నిద్రించెను.

ఇంతవరకు విని మన యౌవనస్థులు, మరి మమ్మును ఆపుటేల అందురు. ఆగుడి, మరియొక సంగతి ఉన్నది.

1998 అక్టోబరులో మిచ్ అను తుఫాను మధ్య అమెరికాలోని హొండురాసు దేశమును ముంచివేసెను. ఇండ్లు కట్టుటకు ఉత్తర అమెరికా సంఘములనుండి బృందములు విమానముల మీద వచ్చినవి. కర్ట్ వెర్ బీక్ అను క్రైస్తవ ఆచార్యుడు ఆ దేశములోనే నివసించుచు, ఆ యిండ్లను పొందినవారిని, కట్టి వెళ్లినవారిని ఇరుపక్షములను విచారించి 2006లో ప్రకటించెను. బృందములు కట్టిన ఇంటికి, ప్రయాణపు ఖర్చుతో కలిపి, సుమారు 30,000 డాలర్లు అయినది. అదే ఇల్లు అక్కడి క్రైస్తవ సంస్థలు అక్కడి మేస్త్రీలతో సుమారు 2,000 డాలర్లకే కట్టుచుండెను. లెక్క మీరే చేసికొనుడి: ఒక బృందము వచ్చి ఒక ఇల్లు కట్టిన ఖర్చుతో పదునైదు ఇండ్లు లేచును. ఇల్లు పొందిన కుటుంబముల జీవితములో, విదేశీయులు కట్టిన యింటికిని స్వదేశీయులు కట్టిన యింటికిని చెప్పుకొనదగిన భేదమేమియు ఆయనకు కనబడలేదు. వచ్చి వెళ్లినవారి జీవితములలో కూడ, వారు అనుకొన్నంత మార్పు నిలిచియుండలేదు.

ఈ లెక్క చదివిన రాత్రి నాకు నిద్ర సరిగా పట్టలేదు. ఏలయనగా నేనును ఒకప్పుడు అటువంటి బృందములో వెళ్లినవాడనే.

1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన దివిసీమను ఎట్లు తుడిచిపెట్టెనో పెద్దలకు జ్ఞాపకమున్నది. వేలకొలది జనులు ఒక్క రాత్రిలో పోయిరి. మరుసటి వేసవిలో ఈ బొగ్గు బాయిల ప్రాంతమునుండి మేము పండ్రెండుమంది పడుచువారము సముద్రము దగ్గరి ఒక ఊరికి ఇండ్లు కట్టుటకు పోతిమి. మాలో ఇద్దరికి తప్ప తాపీ పట్టుట తెలియదు. అయినను పట్టితిమి. నాలుగు దినములలో ఒక గోడ లేపితిమి. పాటలు పాడుచు లేపితిమి. అయిదవ దినము ఉదయమున వెళ్లి చూడగా గోడ మాది కాదు. వరుసలు తిన్నగా ఉన్నవి, మూలలు గుండుకు సరిగా నిలిచినవి. మేము కట్టినది కడుపు వచ్చి బయటకు వాలుచుండగా, ఆ ఊరి మేస్త్రీ తన కొడుకుతో రాత్రి లాంతరు పెట్టుకొని దానిని విప్పి తిరిగి కట్టెను. మాతో ముందే ఎందుకు చెప్పలేదని అడిగితిని. “బాబూ, మీరు దూరం నుంచి వచ్చారు. వద్దంటే బాధపడతారని ఊరుకున్నాను” అని ఆయన చెప్పెను. ఆయన కూడ ఆ ఉప్పెనలో ఇల్లు పోగొట్టుకొన్నవాడే. మాకు బాధ కలుగకుండుటకై ఆయన తన నిద్రను ఇచ్చెను; ఆ రాత్రికి కూలి ఎవరును ఇవ్వలేదు. యిర్మీయా 22:13లో, పొరుగువానిచేత ఊరకయే పని చేయించుకొని ఇల్లు కట్టించువానికి శ్రమ అని ప్రవక్త చెప్పుచున్నాడు. ఆ మాట రాజులకు చెప్పినదని నేను అంతవరకు అనుకొనుచుంటిని.

మరి మేము పనికిమాలినవారమా? కాదు. ఆ దినము నుండి మేస్త్రీ చెప్పిన పని చేసితిమి. ఇసుక మోసితిమి, ఇటుకలు అందించితిమి, ఉదయము సాయంత్రము గోడలకు నీళ్లు కొట్టితిమి. మాలో ఒక టింబర్‌మెన్ కుమారుడుండెను. దిమ్మె ఎక్కడ నిలుపవలెనో వానికి తెలియును గనుక సెంట్రింగు పనిలో మేస్త్రీ వానిని ప్రక్కన పెట్టుకొనెను. సాయంకాలము ఒక ముసలాయన వచ్చి మా ప్రక్కన కూర్చుండెడివాడు. ఇంటిలో అందరును పోయిరి. ఏమియు అడుగడు, కొంచెము చెప్పును, లేచిపోవును. మేము వచ్చెడి దినమున ఆయన రోడ్డువరకు మాతో నడచి వచ్చెను. దూరమునుండి వెళ్లినవాడు ఇవ్వగలిగినది సొమ్ములో పట్టనిది ఒకటి ఉన్నదని నేను ఒప్పుకొందును. కాని అది గోడ మాత్రము కాదు.

మన ప్రాంతపు వాడే ఈ సంగతిని లోకమునకు ముందుగా చెప్పెను. వేదనాయకము శామ్యూలు అజరయ్య తిరునల్వేలి తమిళుడు. 1903లో అక్కడి సంఘము స్వంత సొమ్ముతో స్వంత మనుష్యులతో స్థాపించిన మిషనెరీ సంఘమునకు మూలపురుషుడు. తానే 1909లో డోర్నకల్లునకు మిషనెరీగా వచ్చి, మన భాష నేర్చి, 1912లో ఆంగ్లికను సంఘమునకు మొదటి భారతీయ బిషపు అయ్యెను. 1945 జనవరి 1న డోర్నకల్లులోనే కన్నుమూసెను. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనెరీ మహాసభలో లేచి, మీరు మాకు ఎంతయో త్యాగము చేసితిరి, అయితే మాకు స్నేహితులు కావలెనని ఆయన అడిగినప్పుడు సభ గతుక్కుమన్నది. సొమ్ము ఇచ్చుట కష్టమే. ప్రక్కన కూర్చుండుట ఇంకను కష్టము.

తెలుగు సంఘములు ఎల్లప్పుడు పుచ్చుకొనుచుండెడివే అనుకొనుటయు పొరపాటు. 1903లోనే మన తెలుగు బాప్తిస్టు సంఘములు జాన్ రంగయ్యగారిని దక్షిణాఫ్రికాలోని నాటాలుకు పంపినవి. కూలిపనికి ఓడలెక్కి వెళ్లిన తెలుగువారు అక్కడ కాపరి లేక యుండిరి. ఆయన వారము దినముల పని మీద వెళ్లలేదు. అక్కడనే సంఘములు కట్టెను. పంపినవారు ధనవంతులు కారు. మకెదోనియ సంఘములు తమ నిరుపేదతనములోనుండి యెరూషలేము బీదలకు ఇచ్చిన సంగతి 2 కొరింథీయులు 8వ అధ్యాయములో చదువునప్పుడు నాకు రంగయ్యగారిని పంపిన పల్లెలు జ్ఞాపకము వచ్చును.

ఆ యెరూషలేము చందా విషయములో పౌలు చేసిన ఏర్పాటు మన యౌవనస్థుల ప్రశ్నకు సూటిగా తగులుచున్నది. ప్రతి ఆదివారము కొంచెము కొంచెము తీసి నిలువచేయుమనెను. సంఘము యోగ్యులని ఒప్పుకొన్నవారి చేత పంపుమనెను. తాను వెళ్లుట తగినయెడల వెళ్లుదుననెను. అపొస్తలుల కార్యములు 20:4లో ఆయనతో ప్రయాణమైనవారి పేర్లు ఏడు ఉన్నవి. వారు వేర్వేరు ఊళ్ల సంఘములవారు. సొమ్ము విషయములో ఎవరును తప్పు పట్టకుండ జాగ్రత్తపడితిమని కూడ పౌలు వ్రాసెను. చందా గొప్పది, వెళ్లినవారు కొద్దిమంది. వెళ్లినవారు అక్కడివారి ముఖములు చూచిరి, అక్కడివారు వీరి ముఖములు చూచిరి. పంపుటయా వెళ్లుటయా అని తగవు పెట్టుకొనక రెండును ఇట్లు అమర్చెను. అయితే డెబ్బదిమంది ఓడ ఖర్చు పెట్టుకొని వెళ్లి యెరూషలేములో ఒక గోడ కట్టి వచ్చిరని ఎక్కడను లేదు.

ద్వితీయోపదేశకాండము 24లో ఒక చిన్న ఆజ్ఞ ఉన్నది. పొరుగువానికి ఎరవిచ్చినవాడు తాకట్టు తెచ్చుకొనుటకు వాని యింటిలోనికి చొరబడకూడదు; బయట నిలువవలెను; ఇంటివాడే తెచ్చి ఇచ్చును. అప్పు తీసికొన్నవాని గడప కూడ గడపయే. సహాయము చేసినవారు పొయ్యి దగ్గరకు వచ్చి ఫోటోలు తీసికొనుట, మంచము మీద కూర్చుండి ఇంటావిడచేత కన్నీళ్లతో సాక్ష్యము చెప్పించుట, దాతల పేర్లు చెక్కిన రాయిని ఆమె గోడలో పెట్టుట, ఇవన్నియు ఆ గడప దాటుటయే. ఆ రాయిని ఆమె మనుమలు కూడ ప్రతి దినము చదువుకొనవలెను గదా. నెహెమ్యా 3వ అధ్యాయములో కట్టినవారి పేర్లు బారులుగా ఉన్నమాట నిజమే. అవి పుస్తకములో వ్రాసిరి, గోడ మీద వ్రాయలేదు. ఆ జాబితాలో కంసాలియు పరిమళద్రవ్యములు చేయువాడును రాళ్లెత్తిరి, షల్లూము కుమార్తెలు తండ్రితో కలిసి కట్టిరి, తెకోవ ప్రధానులు మాత్రము మెడ వంచలేదు. అనేకులు తమ తమ యింటికి ఎదురుగా ఉన్న భాగమునే కట్టిరి.

తమ యింటికి ఎదురుగా. ఇక్కడ నా స్వంత తప్పిదము ఒకటి చెప్పుకొనవలెను.

మన సంఘములో ఒక సహోదరి ఉన్నది. భర్త బాయిపనిలోనుండి దిగిపోయిన రెండేండ్లకు మరణించెను. ఒక రేకుల గదిలో కోడలితోను ఇద్దరు మనుమలతోను ఉండును. గృహకూటములకు ఆమె యింటికి నేను ఎన్నిసార్లు వెళ్లితినో లెక్క లేదు. పోయిన వానకాలములో ప్రసంగము చేయుచుండగా ఆమె మెల్లగా లేచి, “అయ్యగారూ, ఈ గిన్నె జర ఇటు జరుపుత, నీళ్లు మీ బైబిలు మీద పడుతున్నయ్” అని చెప్పి, గిన్నెను జరిపి, మరల కూర్చుండెను. నేను ప్రసంగము కొనసాగించితిని. ఏ భాగమో తెలియునా? యాకోబు 2వ అధ్యాయము. ఆ గిన్నెలో బొట్లు పడు శబ్దము నాకు ఇంటికి వచ్చిన తరువాత వినబడెను.

ఆమెకు జాగా ఉన్నది. భర్త బ్రదికియుండగా కొన్నది, కాగితము సరిగా ఉన్నది. 2024లో రాష్ట్ర ప్రభుత్వము ప్రారంభించిన ఇందిరమ్మ ఇండ్ల పథకములో స్వంత జాగా ఉన్న పేదలకు 5 లక్షల రూపాయలు ఇచ్చుటకు నిర్ణయించిరి. జాబితాలో ఆమె పేరు వచ్చినది. మరి ఇల్లు ఎందుకు లేవలేదు? ఆ సొమ్ము విడతలుగా వచ్చును. పునాది లేచి బేస్‌మెంటు వరకు వచ్చిన తరువాతనే మొదటి విడత. ఆ బేస్‌మెంటు వరకు లేపుటకు ఇటుక, ఇసుక, సిమెంటు, సలాక, మేస్త్రీ కూలి ఆమె ముందుగా పెట్టుకొనవలెను. లేనివారు వడ్డీకి తెచ్చుదురు. నూటికి మూడు, నూటికి అయిదు. ఇల్లు పూర్తియగునప్పటికి గొడ్డలి నీళ్లలో ఉండును.

నెహెమ్యా 5వ అధ్యాయములో గోడ కట్టుచున్న జనులే, పొలములు తాకట్టు పెట్టితిమి, పిల్లలను దాసత్వమునకు అప్పగించితిమి అని మొఱ్ఱపెట్టిరి. నెహెమ్యా కోపపడెను, పిమ్మట తానును తన సహోదరులును కూడ అప్పిచ్చినవారమేనని అదే సభలో ఒప్పుకొని వడ్డీ మాన్పించెను. ఒక వైపు గోడ కట్టించుచు, మరియొక వైపు కట్టువాని యిల్లు వడ్డీకి తినివేయుట దేవునికి భయపడువారికి తగదు. ఈ మాట ఎవరిని ఉద్దేశించి వ్రాసితినో వారికి తెలియును, పేర్లు అక్కరలేదు.

గనుక సంఘపు పెద్దలమందరము కూర్చుండి ఆలోచించితిమి. యౌవనస్థుల ప్రయాణమునకని వారు కూడబెట్టదలచిన సొమ్మును, పెద్దలు కొందరు ఇచ్చినదానిని, స్త్రీల సమాజమువారి పిడికెడు బియ్యపు సొమ్మును కలిపి ఒక పెట్టెలో వేసితిమి. దానిలోనుండి ఆ సహోదరికి బేస్‌మెంటు వరకు వడ్డీ లేని ఎరవు. మొదటి విడత వచ్చినప్పుడు ఆమె తిరిగి చెల్లించును. అది అదే వరుసలో ఉన్న రెండవ కుటుంబమునకు పోవును. ఆ రెండవ కుటుంబము మన సంఘమువారు కారు, మన విశ్వాసమువారు కూడ కారు. పెద్దలలో ఒకరు దీనికి అభ్యంతరము చెప్పిరి. లూకా 10లో గాయపడినవానిని ఏ సమాజమందిరమని సమరయుడు అడిగెనా అని స్త్రీల సమాజపు అధ్యక్షురాలు ప్రశ్నించగా ఆ సంగతి అంతటితో ముగిసెను. లెక్క పుస్తకము ఇద్దరి వద్ద ఉండును, ప్రతి మూడు నెలలకు ఆరాధనలో చదువబడును.

విదేశపు మాట మరచితిమా? మరువలేదు. హాబిటాట్ వారి స్థానిక శాఖలలో ఒక వాడుక ఉన్నది: తమ ఊరి ఇండ్లకని వచ్చిన కానుకలలో పదవ వంతు పరదేశపు ఇండ్లకు పంపుదురు. అది నాకు నచ్చినది. మన పెట్టెలో వేసిన ప్రతి నూటిలో పది ప్రక్కన పెట్టుదుము. అది చాలినంత అయిన దినమున, అక్కడి సంఘము మనలను పిలిచిన దినమున, సంఘము ఒప్పుకొనినవారు ఒకరో ఇద్దరో దానిని తీసికొని వెళ్లవచ్చును. కరెంటు పని తెలిసినవాడు వెళ్లినయెడల వారికి పనికి వచ్చును. మా పండ్రెండుమందివలె తాపీ పట్టరానివారు వెళ్లనక్కరలేదు.

నేను ఈ మాట చెప్పినప్పుడు ఆ నలుగురి ముఖములు కొంచెము చిన్నబోయినవి, దాచను. విమానము కొరకు ఎదురుచూచినవానికి పార ఇచ్చినట్లే గదా. ఓపెన్‌కాస్టులో పనిచేయువాడు మాత్రము, “అయ్యగారూ, నాది నైట్ షిఫ్టు, పొద్దున దిగి అటే వస్త” అనెను.

ద్వితీయోపదేశకాండము 22:8 ప్రకారము క్రొత్త ఇల్లు కట్టినవాడు పైకప్పు చుట్టు పిట్టగోడ కట్టవలెను, ఎవడును పడి చావకుండునట్లు. ప్రభుత్వపు లెక్కలో పిట్టగోడకు సొమ్ము చాలునో చాలదో అని మేస్త్రీ సందేహపడుచున్నాడు. ఇద్దరు చిన్నపిల్లలున్న ఇల్లు. దానికి ఇటుకలు ఎవరు ఇత్తురో ఈ పత్రిక చదివినవారు ఆలోచించి స్త్రీల సమాజపు కోశాధికారితో చెప్పగలరు.

వచ్చే రెండవ శనివారము ఉదయము 6 గంటలకు ముగ్గు పోయుదురు. పార గలవారు పార, తట్ట గలవారు తట్ట తెచ్చుకొనవలెను. ఎరవు తెచ్చినవారు ఎవరిదో దాని మీద పేరు వ్రాసికొనుడి. టీ ఆ సహోదరి ఇచ్చును. వద్దని ఎవరును చెప్పకుడి. గోడలు లేచిన తరువాత ఉదయము సాయంత్రము నీళ్లు కొట్టుట తన పని అనియు, దానికి మన పిల్లలను పంపవద్దనియు ఆమె ముందే చెప్పియున్నది.